మువ్వలగెడ్డకు చరిత్ర మంజూరైన విధం

మువ్వలగెడ్డకు చరిత్ర లేదన్న సంగతి ప్రభుత్వం అడిగేదాకా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కొండల కింద, గెడ్డ ఒడ్డున, రెండు బజార్లు, ఒక బస్టాండు, మూసేసిన సినిమా హాలు, వీటన్నిటికీ నడిమధ్య పెంకుల కప్పుతో డివిజను కచేరి. ఊరంటే ఇంతే. చుట్టూ ఎనభై పల్లెల జనం భూమి తగాదాలకీ ధ్రువపత్రాలకీ ఆ కచేరికే వస్తారు. పని అయినా కాకపోయినా బస్టాండులో వేడి పకోడీలు తిని, చిల్లర సామాను కొనుక్కుని వెళతారు. నూట ముప్ఫై ఏళ్ళుగా ఊరు బతుకుతున్నది దాని మీదే. కచేరి అక్కడే ఎందుకుందని ఎవరూ అడగలేదు. ముక్కు ముఖం మీదే ఎందుకుందని ఎవరు అడుగుతారు?

ఆ కచేరిలో హెడ్ గుమాస్తా సన్యాసిరావు. ఆయన భార్య హైమవతి. కాలేజీలో రసాయన శాస్త్రం చదువుకుంది. ఆ చదువు ఇప్పుడు ఏ మరకకి ఏది వాడాలో వీధిలో వాళ్ళకి చెప్పడానికి పనికొస్తోంది. పక్కింట్లో అప్పు తెచ్చిన పంచదారని కూడా చాకుతో గిన్నె అంచుకి సమంగా కోసి తిరిగిచ్చే మనిషి. రోజూ పొద్దున్న ఏడింటికి ఆవిడ ఇత్తడి బిందె పట్టుకుని కచేరి ఆవరణలో ఉన్న నూతికి వెళుతుంది. ఇంట్లో కుళాయి ఉంది. కుళాయిలో బోరు నీళ్ళు గంటసేపు వస్తాయి. ఆ నీళ్ళతో స్నానం చెయ్యొచ్చు, గిన్నెలు తోముకోవచ్చు. కందిపప్పు మాత్రం ఉడకదు. ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పుగింజలు కుక్కర్లో పోసినవి పోసినట్టే, గులకరాళ్ళలా పలకరిస్తాయి. కచేరి నూతి నీళ్ళు పోస్తే మూడో విజిల్ కి వెన్న.

హైమవతికి ఇది రుచికి సంబంధించిన సంగతి కాదు. మామగారు కూర్మయ్యకి ఎనభై నాలుగేళ్ళు. ఆ కచేరిలోనే డఫేదారుగా, బంట్రోతులకి పెద్దగా, చేసి రిటైరయ్యాడు. నోట్లో పన్ను లేదు. కట్టుడు పళ్ళు చేయిస్తే "ఇవి నావి కావు" అని గూట్లో పెట్టేశాడు. రెండు పూటలా ఆయన తినేది మెత్తటి ముద్దపప్పు, అన్నం, రెండు చుక్కల నెయ్యి. పప్పు ఉడకని రోజు ఆయన పస్తు.

ఒక మంగళవారం రాజధాని నుంచి కచేరికి ఉత్తర్వు వచ్చింది. "విషయము: డివిజను కేంద్రములు - చరిత్ర - ఉనికి - ధ్రువీకరణ - గురించి." చరిత్ర సమీకరణ విభాగం అని కొత్తగా ఒకటి పెట్టారు. ప్రతి కేంద్రమూ తొంభై రోజుల్లో తన చరిత్రని నిర్ణీత ఫారంలో సమర్పించాలి. నూటికి అరవై మార్కుల కన్నా తగ్గితే "సదరు కేంద్రము చరిత్ర కలిగిన సమీప కేంద్రములో విలీనము చేయబడును."

సన్యాసిరావు ఆ ఫారం ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచి తల పట్టుకున్నాడు.

"ఇరవై గళ్ళు హైమా. ఒక్కటీ నిండటం లేదు. ఇది చూడు. ఏడో గడి. యుద్ధము జరిగినదా? జరగనిచో జరగకపోవుటకు కారణములు, బాధ్యుల పేర్లు."

"బాధ్యుల పేర్లా?"

"అవును. యుద్ధం చెయ్యనందుకు. ఎవరి పేరు రాయను? ఒకటో గడి స్థాపకుడు. రాజు, సామంతుడు, దేవత, ఇతరులు. పన్నెండో గడి స్త్రీల పాత్ర. రాణి, త్యాగమూర్తి, వర్తించదు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనకి సమీప కేంద్రం ఏదో తెలుసా?"

తెలుసు. దుగ్గివలస. పధ్నాలుగు కిలోమీటర్లు. అక్కడ హైమవతి ఆడపడుచు కాపురం ఉంది. ప్రతి దీపావళికీ వచ్చి, వెళ్ళేటప్పుడు రెండు క్యాన్ల నిండా కచేరి నూతి నీళ్ళు పట్టుకుపోతుంది. ఆ ఊళ్ళో ఏ నూతి నీళ్ళు పోసినా పప్పు ఉడకదు.

హైమవతి మామగారి కంచం వైపు చూసింది. ఆయన ఆఖరి ముద్ద వేలితో కంచం చుట్టూ తిప్పి నోట్లో పెట్టుకుంటున్నాడు.

"అసలు కచేరి ఇక్కడికి ఎలా వచ్చింది?" అంది.

అడిగింది భర్తని. జవాబు చెప్పింది కూర్మయ్య. "తవిటమ్మని అడుగమ్మా. ఆళ్ళ అమ్మమ్మే తెచ్చింది."

తవిటమ్మ వీధి చివర ఉంటుంది. తొంభై ఏళ్ళు దాటినా విస్తరాకులు కుట్టి అమ్ముతుంది. హైమవతి వెళ్ళేసరికి అరుగు మీద కూచుని ఆకులు సర్దుకుంటోంది.

"ఓలమ్మా, ఇన్నాల్టికి అడిగినావా తల్లీ! కచేరీ ముందుగాల ఇక్కడ కాదు. దుగ్గివలసలో ఎట్టినారు. తాసీల్దారు బాబు కోస్తా వోడు. పూటపూటకీ పప్పన్నం కావాల. ఆ నీలకి పప్పుడికీది కాదు. బాబుకి కడుపుబ్బరం. కడుపుబ్బరమొచ్చిన పొద్దు ఎవుడు అర్జీ ఎట్టినా కొట్టీసీవోడంట. మూడు నెలలు అలాగే. పాపం ఆరి బార్య సేసమ్మగారు నానెట్టి, నూరి, ఏటేటో సేసి సూసినాది."

"మీ అమ్మమ్మ ఏం చేసింది?"

"మాయమ్మమ్మ ఆరింట పాచిపని సేసీది. ఆలది ఈ ఊరే కదా. ఓ పొద్దు ఇక్కడి నుయ్యి నీలు కుండతో ఎత్తుకెల్లినాది. పప్పు పొంగొచ్చీసినాది. సేసమ్మగారు ఇంకేటి మాటాడనేదంట. గిన్నెలన్నీ బండిలో ఎట్టించి ఇక్కడికొచ్చీసినారు. మూడో నాడు బాబొచ్చీసినాడు, ఆకలేసి. నెల్లాల్లకి కాగితాలొచ్చినాయి." తవిటమ్మ నవ్వింది. "అదే కచేరీ. మొగుడొచ్చినాడు, మొగుడెనకాతల సర్కారొచ్చినాది."

కూర్మయ్యకి రికార్డు గదిలో ఏ కట్ట ఎక్కడుందో ఇప్పటికీ తెలుసు. ఆయన చెప్పిన బీరువాలో, కింది అరలో, తాడు కట్టిన కట్టలో ఆ పాత ఉత్తర్వు దొరికింది. "సిబ్బంది ఆరోగ్య కారణముల దృష్ట్యా తాలూకా కచేరి దుగ్గివలస నుండి మువ్వలగెడ్డకు మార్చడమైనది." కింద తాసీల్దారు సంతకం. చాలా ప్రశాంతంగా, గుండ్రంగా ఉంది.

హైమవతి ఆ రెండూ కలిపి మూడు పేజీలు శుభ్రంగా రాసింది. బోరు నీటిలో సున్నం ఎంతో, నూతి నీటిలో ఎంతో కూడా సబ్బు నురగతో పరీక్షించి, పట్టీ గీసి జతపరిచింది.

చరిత్ర ప్రత్యేకాధికారి ధనుంజయరావు గారు జీపులో దిగారు. మొదటి సమావేశం కచేరి హాల్లో. పురపాలక సంఘం అధ్యక్షుడు ముత్యాలనాయుడు దండ వేశాడు. హైమవతి కూడా వెనక వరసలో కూచుంది. సన్యాసిరావు ఆవిడ రాసిన కాగితాలు అందించాడు.

ధనుంజయరావు గారు ఒక్క పేజీ చదివి, మిగతా రెండూ తూచినట్టు ఎత్తి చూశారు.

"పప్పు," అన్నారు.

"అవునండి," అన్నాడు సన్యాసిరావు.

"చూడండి. చరిత్ర అనగా ఒక ప్రాంతము యొక్క మహోన్నత గతము. గృహ సంబంధమైన అంశములు చరిత్ర పరిధిలోనికి రావు. అవి పౌర సరఫరాల పరిధి. స్త్రీల విషయమున నిబంధన సుస్పష్టముగా ఉన్నది. రాణి అయి ఉండవలెను, లేదా ప్రాణత్యాగము చేసి ఉండవలెను. పప్పు వండిన మహిళ అను కేటగిరీ ప్రభుత్వము వద్ద లేదు."

"రికార్డు ఉందండి," అని హైమవతి వెనక నుంచి అంది. "ఉత్తర్వు నంబరుతో సహా."

"అమ్మా, రికార్డు ఉండుటయే దీని లోపము. రికార్డు ఉన్నదానికి మార్కులు పరిమితము. పట్టికలో మూడు. అదే జనశ్రుతికి ఇరవై." ఆయన ముత్యాలనాయుడి వైపు తిరిగారు. "రాజు ఎవరు?"

ముత్యాలనాయుడికి రాజులతో పరిచయం లేదు గానీ గుత్తపనులతో ఉంది. పని ఏదైనా నమూనా చూసి అప్పజెప్పగలడు. "ఎలాటి రాజు కావాలండి?" అని అడిగాడు.

సాయంత్రానికి మువ్వభూపాలుడు పుట్టాడు. నాలుగు వందల ఏళ్ళ క్రితం, వేటకి వచ్చి, గెడ్డ ఒడ్డున గుర్రం కాలిమువ్వ జారిపోతే, ఇదే శుభశకునమని ఊరు కట్టించాడు. ఆయన సేనాధిపతి ఇంటిపేరు ముత్యాలనాయుడి ఇంటిపేరే. అది యాదృచ్ఛికమని నివేదికలోనే రాశారు.

యుద్ధం దగ్గర కొంచెం పేచీ వచ్చింది. యుద్ధానికి శత్రువు కావాలి. దగ్గరున్నది దుగ్గివలసే. వాళ్ళకీ అదే ఫారం వచ్చింది, వాళ్ళకీ యుద్ధం కావాలి. రెండు ఊళ్ళ కమిటీలూ మధ్య దారిలో ఉన్న అతిథి గృహంలో కలిశాయి. గెలుపుకి పదిహేను మార్కులు, ఓటమికి నాలుగు.

"దుగ్గివలసోల్లు గెలిచేస్తే మేం గాజులు తొడుక్కుని కూకుంటామేటండి?" అని ముత్యాలనాయుడు బల్ల గుద్దాడు.

"మీరే మా మీదకి వచ్చారు. మేం తరిమేశాం," అన్నాడు అవతలి అధ్యక్షుడు, నిన్ననే చూసొచ్చినట్టు.

ధనుంజయరావు గారు రెండు గంటలు విని, "ఉభయ విజయ యుద్ధము" అని తీర్పు ఇచ్చారు. ఇద్దరూ గెలిచారు. ఇద్దరికీ పదిహేను. మృతులు చెరి నాలుగు వందల పన్నెండు మంది, ఎవరికీ అన్యాయం జరక్కుండా. పంచాంగం చూసి పెట్టిన తేదీ రెండో శనివారం అయింది. ఏటా ఆ రోజు ఉత్సవం జరపాలంటే సిబ్బంది సెలవు పోతుంది. అందుకని యుద్ధాన్ని సోమవారానికి జరిపారు.

ఇక సాక్ష్యం. ప్రతి సంఘటనకీ డెబ్భై అయిదేళ్ళు దాటిన స్థానికులు ఇద్దరు సంతకం పెట్టాలని నిబంధన. కూర్మయ్యనీ తవిటమ్మనీ కచేరికి పిలిపించారు.

కూర్మయ్య లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "నాను డఫేదారుని బాబూ. దొరగారు ఎట్టమంటే ఎడతాను. గానీ ఆ యుద్ధం నా సర్వీసులో రాలేదు."

"సర్వీసుకు పూర్వము జరిగినదని రాయండి," అన్నారు ధనుంజయరావు గారు. "నీవు చూచితివా అవ్వా?"

తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. "నేదు బాబూ. ఆ పొద్దు నాను కన్నోరింటికి ఎల్లినాను. పెదజోల. మల్లొచ్చీసరికి ఊరంతా సద్దుమనిగిపోనాది."

హాల్లో ఒక్కళ్ళూ నవ్వలేదు. సన్యాసిరావు రాసుకున్నాడు: "యుద్ధ సమయమున సాక్షి ఊరిలో లేనప్పటికీ, అనంతర ప్రశాంతతను స్వయముగా చూచినది."

ఇలా డెబ్భై ఏడు మార్కులు కూడాయి. ఊరు గండం గడిచిందని హైమవతి కూడా అనుకుంది. రాజెవరైతే ఏం, కచేరి ఉంటుంది, నుయ్యి ఉంటుంది.

మర్నాడు పొద్దున్న బిందెతో వెళితే నూతి గట్టుకి నోటీసు అతికించి ఉంది. విజయ స్తంభము కచేరి ఆవరణకు సరిగ్గా కేంద్ర బిందువున నిర్మించవలెను. సర్వేయరు గొలుసు పట్టి కొలిస్తే ఆ బిందువు నూతి మధ్యలో పడింది. కాబట్టి నుయ్యి పూడ్చబడును. ఆక్షేపణలు ఉన్నచో పదిహేను రోజులలోగా.

"స్తంభాన్ని నాలుగు గజాలు ఇవతల పెడితే?" అని హైమవతి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భర్తని అడిగింది.

"నేనూ అదే అన్నాను. నాలుగు గజాలు జరిపితే చరిత్ర కేంద్రం నుంచి జారిపోతుందిట."

హైమవతి ఆక్షేపణ రాసింది. ఉన్నదున్నట్టు. నీళ్ళ గుణం, పట్టీ, నలభై ఇళ్ళ వాళ్ళ సంతకాలు. ఎనిమిదో రోజుకి జవాబు వచ్చింది. "సదరు నూతికి చరిత్ర లేనందున రక్షణ వర్తించదు. రాజవంశముతో సంబంధము రుజువైనచో పరిశీలించబడును."

తవిటమ్మ విస్తరాకులు ఇచ్చిపోవడానికి వచ్చి, సంగతి విని, "రాజుగోరి ఏనుగు తాగినాదని రాయీయమ్మా. ఏనుగొచ్చి సెప్తాదేటి?" అంది.

"అబద్ధం రాయమంటావా?"

"ఊరంతా రాసుకున్నారు. నీ పాలు నువ్వు రాసుకో."

లోపల కూర్మయ్య దగ్గుతున్నాడు. హైమవతి తెల్లకాగితం తీసి, మార్జిను గీసి, చక్కటి దస్తూరితో రాసింది: "మువ్వభూపాలుని రాణి ఈ నూతి నీటినే వాడేదని పెద్దలు చెప్పగా విన్నాము." జీవితంలో సంతకం పెట్టి చెప్పిన మొదటి అబద్ధం అది. తప్పులున్నాయేమోనని రెండుసార్లు చదివింది.

రెండు రోజుల్లో జీపు ఇంటి ముందే ఆగింది. ధనుంజయరావు గారి మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, మీ ఆక్షేపణ అమూల్యమైనది. పన్నెండో గడి ఖాళీగా ఉండెను. రాణి పేరు ఏమి?"

"తెలియదండి."

"నూతి వద్దకు ఎందుకు వచ్చినది?"

"నీళ్ళకి."

ఆయన జాలిగా చూశారు. "రాణి నీళ్ళకు వచ్చునా అమ్మా? దాసీలు లేరా? రాణి నూతి వద్దకు వచ్చినదనగా చరిత్రలో అందుకు ఒకే కారణము. దూకుటకు."

"దూకలేదండి! దూకిందని నేను రాయలేదు. నీళ్ళు వాడేదని రాశాను."

"ఒకసారి వాడినది. త్యాగమూర్తికి పదిహేను మార్కులు."

"యుద్ధం గెలిచారు కదండీ? మొగుడు గెలిచొస్తే ఆవిడ ఎందుకు దూకుతుంది?"

ప్రశ్నలో బలం ఉందని ధనుంజయరావు గారికీ తెలిసింది. తరవాత తేరుకున్నారు. "ఉభయులూ గెలిచిరి గదా. ఎవరు గెలిచినదీ తేలుటలో జాప్యము జరిగినది. ఆ జాప్యములో దూకినది."

సన్యాసిరావు తలుపు చాటున నిలబడి వింటున్నాడు. భార్య కళ్ళలోకి చూడలేక గుమ్మానికి అంటిన పసుపు గోటితో గీకాడు.

మొత్తం తొంభై రెండు మార్కులు. జిల్లాలో మొదటి స్థానం. పైగా హైమవతి కోరిక కూడా నెరవేరింది. నుయ్యి పూడ్చలేదు. రాణి ప్రాణం విడిచిన పవిత్ర జలంలో చేదలూ తాళ్ళూ దింపరాదు కనుక పైన నల్లరాతి పలక పరిచి, చుట్టూ సిమెంటు పూసి, ఆ పలక మీద స్తంభం నిలబెట్టారు. నుయ్యి భద్రంగా ఉంది. నీళ్ళూ లోపల భద్రంగానే ఉన్నాయి.

మొదటి రోజు హైమవతి బోరు నీళ్ళు కాచి, తేర్చి, పప్పు ముందు రాత్రే నానబెట్టి పది విజిల్స్ దాకా చూసింది. కూర్మయ్య ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. తరవాత ఒక్కొక్క గింజా తీసి కంచం అంచున వరసగా పెట్టాడు. మజ్జిగ తాగి లేచాడు.

"వంటసోడా వెయ్యమ్మా, మెత్తబడుద్ది," అని పక్కింటావిడ చెప్పింది.

"సోడా వేస్తే ఉడికినట్టు కనబడుతుందండీ. ఉడకదు," అంది హైమవతి. మర్నాడు పెసరకట్టు చేసింది. కూర్మయ్య అదీ తాగాడు. నాలుగో రోజుకి ఆయన భోజనానికి రమ్మంటే "ఆకలి లేదమ్మా" అనడం మొదలుపెట్టాడు. మనిషి తగ్గిపోతున్నాడు.

స్థాపక దినోత్సవానికి చరిత్ర సమీకరణ విభాగం శాఖాధిపతి గారు స్వయంగా వచ్చారు. రాణీగారి వేషం వేసిన హైస్కూలు టీచరు స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగి, దూకడానికి చోటు లేక, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆరు వందల మందికి విందు. పట్నం నుంచి పిలిపించిన వంటవాళ్ళు తెల్లవారుజామునే పప్పు పొయ్యెక్కించారు. పదింటికి మంట పెంచారు. పదకొండింటికి సోడా పోశారు. పన్నెండింటికి వంటమేస్త్రి గరిటె నేలకేసి కొట్టి, "ఏం నీళ్ళయ్యా ఇవి!" అన్నాడు.

శాఖాధిపతి గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. టక్కుమంది. రాయి అనుకున్నారు. పప్పే. దవడ పన్ను మూల విరిగింది. ఆ తరవాత ఆయన చెంప మీద చెయ్యి వేసుకుని, కళ్ళ నీళ్ళతో, రెండే మాటలు మాట్లాడి కూచున్నారు. రాణీగారి త్యాగం ఆయన్ని అంతగా కదిలించిందని ముత్యాలనాయుడు వందన సమర్పణలో చెప్పాడు.

అసలు దెబ్బ తగిలింది కచేరికి. కచేరి పెద్ద ఆర్డీవో గారి బంగళాకీ నీళ్ళు అదే నూతి నుంచి వెళ్ళేవి. ఆయన శాంతమూర్తి అని పేరు. పలక పరిచిన నెలలోపే అర్జీదారుల మీద అరవడం మొదలుపెట్టారు. ఫైళ్ళు విసిరేశారు. ఒకే రోజు పదిహేడు పట్టాలు తిరగ్గొట్టి, మధ్యాహ్నం నుంచి పొట్ట మీద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని పడుకున్నారు. వినాయక చవితి వెళ్ళిన మూడో రోజున ఆయన భార్య, ఎవరికీ చెప్పకుండా, వంటసామాను జీపులో పెట్టించుకుని గెడ్డ ఎగువన ఆరు కిలోమీటర్లలో ఉన్న పెదజోలకి వెళ్ళిపోయింది. అక్కడ అటవీ శాఖ పాత బంగళా ఒకటి ఖాళీగా ఉంది. అక్కడి నీళ్ళు మంచివని ఆవిడకి చెప్పింది విస్తరాకులు అమ్మడానికి వచ్చిన ఒక ముసలామె.

ఆదివారం సాయంత్రం ఆర్డీవో గారు భోజనానికి వెళ్ళారు. సోమవారం తిరిగి రాలేదు. బుధవారం క్యాంపు ఆఫీసు అన్నారు. నెలాఖరుకి ఉత్తర్వు వచ్చింది. సన్యాసిరావు దాన్ని ఇంటికి తెచ్చి, హైమవతి చేతిలో పెట్టాడు.

"సిబ్బంది ఆరోగ్య కారణముల దృష్ట్యా డివిజను కచేరి మువ్వలగెడ్డ నుండి పెదజోలకు మార్చడమైనది."

"అదే ముక్క," అంది హైమవతి.

"అక్షరం పొల్లు పోలేదు. నాకు తెలిసి పాత కట్ట ఎవరూ చూడలేదు. వాళ్ళకి అదే వచ్చింది."

ముత్యాలనాయుడు బంద్ చేయించాడు. తొంభై రెండు మార్కుల ధ్రువపత్రానికి అద్దం కట్టించి, మెడలో వేసుకుని, స్తంభం దగ్గర నాలుగు రోజులు కూచున్నాడు. అయిదో రోజు రాజధాని నుంచి జవాబు వచ్చింది. "ఆందోళన చెందనవసరము లేదు. చరిత్ర మువ్వలగెడ్డలోనే కొనసాగును. కచేరి మాత్రమే మారును."

అలాగే జరిగింది. పకోడీల బండ్లు ముందు కదిలాయి, తరవాత జిరాక్సు షాపులు, తరవాత బస్సులు. ఇప్పుడు బస్టాండులో మేకలు పడుకుంటున్నాయి. స్తంభం మాత్రం ఎంతో దూరానికి కనిపిస్తుంది.

హైమవతి పెదజోలలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుంది. వచ్చిన రోజు సామాను విప్పకుండానే బిందె తీసింది. ఊరి చివర, జీడిమామిడి తోట పక్కన, గట్టు కూడా సరిగ్గా లేని నుయ్యి. మూడో విజిల్ కి పప్పు వెన్నయింది. కూర్మయ్య రెండోసారి పెట్టించుకుని, పాత ఇంటి గూట్లోంచి సామానుతో వచ్చిన కట్టుడు పళ్ళు తీసి వీధిలో పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేశాడు.

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున్న హైమవతి నిండు బిందె చంకనెట్టుకుని తోట మలుపు తిరుగుతోంది. వెనకాల చిన్న చెంబుతో, కచేరి వెంటే పెదజోలకి వచ్చేసిన తవిటమ్మ, మరో అయిదారుగురు ఆడవాళ్ళు. ఎదురుగా జీపు వచ్చి ఆగింది. ధనుంజయరావు గారు కిటికీలోంచి తల బయటికి పెట్టారు. ఒళ్ళో కొత్త ఫారం ఉంది. కొత్త కేంద్రానికి తొంభై రోజుల్లో చరిత్ర కావాలి.

"మీరా అమ్మా! మంచి సమయమునకు కనబడితిరి. రాజును సాయంత్రము చూచుకొందము. ముందు ఒక ముఖ్య విషయము. ఈ గ్రామమున నుయ్యి ఏదైనా ఉన్నదా?"

హైమవతి చంకలో బిందె తొణికింది. నీళ్ళు చీర కుచ్చిళ్ళ మీదుగా కారి మట్టిలో ఇంకాయి.

"లేదండి," అంది.

"పూర్వము?"

"ఎప్పుడూ లేదండి."

"సాక్షి?"

తవిటమ్మ చెంబు కొంగు కిందకి జరుపుకుని ముందుకొచ్చింది. "ఇది నా కన్నోరూరు బాబూ. నాను పుట్టి పెరిగినాను. నుయ్యా? ఆ మాటే ఇన్నేదు."

వెనక ఆడవాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. బిందెలన్నీ కలిసి తొణికాయి.

ధనుంజయరావు గారు కొంచెం నిరుత్సాహంగా కలం తీసి, "నుయ్యి: లేదు. విచారణలో రుజువైనది" అని రాసుకుని, అవ్వ చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆ నీళ్ళు ఎక్కడివో ఆయన అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు.